పెద్ద చక్రాలు వేయించిన తర్వాత టైర్లలో గాలి ఎంత ఉంచాలి?

ప్రశ్న: మియాపూర్ వాసి

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నాను. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దానికి 185/65 ఆర్15 88హెచ్ టైర్లు ఉండేవి. డ్రైవర్ తలుపు తెరిస్తే పిల్లర్ మీద కనిపించే స్టిక్కర్‌లో ముందు చక్రాలకు 32 పీఎస్‌ఐ, వెనుక చక్రాలకు 30 అని, ఐదుగురూ కూర్చుని డిక్కీ నిండా సామాను పెట్టినప్పుడు వెనుక 34 అని ఉంది. ఇన్నాళ్లూ అదే పాటించాను. టైర్లు కూడా సమానంగానే అరిగాయి.

ఆ టైర్ల కాలం తీరడంతో ఈ నెలలో 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించాను. కొత్త టైర్లు 205/45 ఆర్17 88వీ, ఆ పక్కనే ఎక్స్‌ఎల్ అని కూడా ఉంది. చక్రాలు బిగించిన షాపులో, టైరు వెడల్పయింది కాబట్టి 30 పీఎస్‌ఐ చాలని, అంతకంటే ఎక్కువ పెడితే గుంతల్లో నడుము పట్టేస్తుందని చెప్పి పంపించారు. మా వీధి చివర పంక్చర్ షాపు ఆయన, పక్కగోడ సన్నగా ఉన్న టైరు కాబట్టి 40 ఉండాలన్నారు. మా ఆఫీసులో ఒకరు, కారు మారలేదు కాబట్టి స్టిక్కర్ మీది అంకె కూడా మారదంటున్నారు. టైరు పక్కగోడ మీద చూస్తే గరిష్ఠంగా 50 పీఎస్‌ఐ అని అచ్చు వేసి ఉంది.

రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఒక్కడినే వెళ్లి వస్తాను. నెలకో రెండు నెలలకో కుటుంబంతో విజయవాడ ప్రయాణం ఉంటుంది, అప్పుడు కారు నిండుగా ఉంటుంది. ఈ రెండు అవసరాలకూ గాలి ఎంత ఉంచాలో, ఏ లెక్క ప్రకారం ఉంచాలో కారణంతో సహా చెప్పగలిగినవారు చెప్పండి.

జవాబు: రాణిగంజ్ పాతకాపు

మియాపూర్ వాసి గారూ, టైరు మీది అక్షరాలను ఒక్కటీ వదలకుండా రాసి మంచి పని చేశారు. చాలామంది 205/45 ఆర్17 వరకే రాసి ఊరుకుంటారు. మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ తర్వాత ఉన్న 88లోనూ, దాని పక్కనున్న ఎక్స్‌ఎల్‌లోనూ ఉంది.

ముందు చక్రం మొత్తం ఎత్తు చూద్దాం. పాత టైరు పక్కగోడ 185లో 65 శాతం, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. అటూ ఇటూ రెండు పక్కగోడలు, మధ్యలో 15 అంగుళాల రిమ్ము కలిపితే వ్యాసం 621 మిల్లీమీటర్లు దాటుతుంది. కొత్త టైరు పక్కగోడ 205లో 45 శాతం, అంటే 92 మిల్లీమీటర్లే. 17 అంగుళాల రిమ్ముతో కలిపి వ్యాసం 616 మిల్లీమీటర్లు. తేడా ఒక శాతం లోపే ఉంది కాబట్టి స్పీడోమీటర్ గురించి బెంగ అక్కర్లేదు. కొలత ఎంపిక సరైనదే. అయితే రిమ్ము పెద్దదయినంత మేర పక్కగోడ తగ్గింది. రోడ్డుకూ రిమ్ముకూ మధ్య ఇప్పుడు 28 మిల్లీమీటర్ల రబ్బరు, గాలి తక్కువగా ఉన్నాయి. మనం దృష్టిలో పెట్టుకోవలసింది దీన్ని.

ఇక బరువు సంగతి. 88 అనే సూచికకు అర్థం ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని. పాత టైరుకూ 88, కొత్త టైరుకూ 88 ఉంది కాబట్టి రెండూ సమానమేనని, అందువల్ల గాలి కూడా పాతదే చాలని అనుకోవడం సహజం. మీ ఆఫీసులో ఆయన చెప్పిన మాటలోని లోపం ఇక్కడే ఉంది. కారు బరువులో అధిక భాగాన్ని మోసేది టైరు లోపలి గాలి. అందువల్ల 560 కిలోలు అనే మాటకు ఎంత గాలి దగ్గర అన్నది జోడిస్తే తప్ప అర్థం రాదు. యూరప్ ప్రమాణాల ప్రకారం మామూలు టైరు తన పూర్తి బరువును 250 కిలోపాస్కల్స్ దగ్గర, అంటే దాదాపు 36 పీఎస్‌ఐ దగ్గర మోస్తుంది. ఎక్స్‌ఎల్ అని రాసి ఉన్న టైరు నిర్మాణంలో గట్టిది, ఎక్కువ గాలిని తట్టుకునేలా తయారైనది. అది తన పూర్తి బరువును 290 కిలోపాస్కల్స్ దగ్గర, అంటే 42 పీఎస్‌ఐ దగ్గర మోస్తుంది. రెండింటి మీదా 88 అనే ఉన్నా, ఎక్స్‌ఎల్ టైరు ఆ సామర్థ్యాన్ని చూపాలంటే ఎక్కువ గాలి కావాలి.

దీన్ని మీ స్టిక్కర్‌కు అన్వయిస్తే లెక్క సులువుగానే తేలుతుంది. పాత టైరుకు 36 దగ్గర పూర్తి సామర్థ్యం ఉంటే కంపెనీ 32 పెట్టమంది. అదే నిష్పత్తిలో 42కు చూస్తే 37 పైచిలుకు వస్తుంది. వెనుక 30కి బదులు 35, నిండు బరువుతో 34కు బదులు 40 వస్తాయి. టైరు కంపెనీల పట్టికలు చూసినా ఇదే కనిపిస్తుంది. 220 కిలోపాస్కల్స్ దగ్గర, అంటే 32 పీఎస్‌ఐ దగ్గర, మామూలు 88 టైరు సుమారు 505 కిలోలు మోస్తుంది. అదే గాలితో ఎక్స్‌ఎల్ 88 టైరు మోసేది 450 కిలోలే. మీ కారు తయారు చేసినవాళ్లు ఒక్కో ముందు చక్రానికి ఇచ్చిన సామర్థ్యాన్ని అలాగే నిలుపుకోవాలంటే కొత్త టైరులో 37 ఉండాలి.

షాపువారు చెప్పిన 30 గురించి గట్టిగానే చెప్పాలి. వెడల్పు టైరుకు తక్కువ గాలి చాలన్న మాట, పక్కగోడ ఎత్తు మారకుండా వెడల్పు ఒక్కటే పెరిగి, దాంతోపాటు బరువు సూచిక కూడా పెరిగినప్పుడు కొంత నిజం. మీ విషయంలో టైరు వెడల్పయింది కానీ లోపల గాలికి ఉన్న చోటు తగ్గింది. సూచికేమో పెరగనే లేదు. పెద్ద చక్రాలతో కుదుపు ఎక్కువవుతుందని వాళ్లకు తెలుసు. ఆ కుదుపును గాలి తగ్గించి దాచిపెడితే షాపు నుంచి బయటికి వెళ్లేటప్పుడు కారు మెత్తగా అనిపిస్తుంది. ఆ మెత్తదనానికి మూల్యం తర్వాత రిమ్ముల రూపంలో కడతారు. కాబట్టి ఈ రోజే గాలి సరిచేయించుకోండి.

పక్కగోడ మీది 50 మీరు పెట్టుకోవలసిన అంకె కాదు, టైరు భరించే హద్దు. పంక్చర్ షాపు ఆయన చెప్పిన 40, కారు నిండుగా ఉన్నప్పుడు వెనుక టైర్లకు సరిపోతుంది. ఒక్కరే వెళ్లే రోజున నాలుగింటికీ 40 పెట్టడం మాత్రం అనవసరం.

జవాబు: నాగోల్ ప్రయాణికుడు

పాతకాపు గారి లెక్కలో తప్పు లేదు, ఎక్స్‌ఎల్ విషయం ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. అయితే ఆ లెక్క కంపెనీ ఇచ్చిన మొత్తం సామర్థ్యాన్ని యథాతథంగా కొత్త టైరులోకి తెస్తుంది. మీ కారుకు ఆ సామర్థ్యమంతా రోజూ అవసరమా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు లారీలను తూచే ధర్మకాంటా దగ్గర దొరుకుతుంది.

నేనూ ఇలాగే 15 నుంచి 17కు మారాను. ఒకరోజు ధర్మకాంటాకు వెళ్లి, ముందు చక్రాలు మాత్రమే పలక మీద ఉండేలా ఒకసారి, వెనుక చక్రాలు మాత్రమే ఉండేలా ఇంకోసారి కారును తూయించాను. నేనొక్కడినే ఉన్నప్పుడు ముందు ఇరుసు మీద 640 కిలోల దాకా వచ్చింది, అంటే ఒక్కో చక్రానికి 320. వెనుక అంతకంటే బాగా తక్కువ. పట్టిక ప్రకారం 32 పీఎస్‌ఐ దగ్గరే ఎక్స్‌ఎల్ 88 టైరు 450 కిలోలు మోస్తున్నప్పుడు, బరువు కోసమే అయితే నగరంలో 37 అక్కర్లేదు. బ్రేకు వేసినప్పుడూ మలుపు తిరిగేటప్పుడూ బరువు ఒక పక్కకు ఒరుగుతుందని, దానికోసం కొంత మిగులు ఉంచాలని ఒప్పుకుంటాను. అందుకే నేను నగరంలో ముందు 35, వెనుక 33 ఉంచుతున్నాను. ఊరి ప్రయాణం ఉన్నప్పుడు పాతకాపు గారు చెప్పిన అంకెలకే వెళతాను.

నా ఎంపిక సరైనదో కాదో చెప్పేది ట్రెడ్, అంటే టైరులో రోడ్డును తాకే గాళ్ల భాగం. గాలి తక్కువైతే టైరు రెండు అంచులూ ముందు అరుగుతాయి, ఎక్కువైతే మధ్య భాగం అరుగుతుంది. అయితే కంటితో చూసి అంతా బాగానే ఉందనుకోవద్దు. పదిరూపాయల నాణెమైనా సరే, చిన్న స్కేలైనా సరే, ట్రెడ్ గాడిలో నిలబెట్టి లోపలి అంచు దగ్గర, మధ్యలో, బయటి అంచు దగ్గర లోతు చూసి రాసుకోండి. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఒక్క అంచు మాత్రమే అరుగుతుంటే అది గాలి సమస్య కాదు, చక్రాల అలైన్‌మెంట్ సమస్య. కొత్త చక్రాలు వేయించిన వెంటనే అలైన్‌మెంట్ చేయించకపోతే ఈ పరీక్ష ఫలితం మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

గాలి ఎక్కువ పెట్టుకుంటే భద్రత కూడా అంతే పెరుగుతుందని అనుకోవడం సరికాదు. అవసరానికి మించి పెడితే రోడ్డును తాకే భాగం తగ్గిపోతుంది, కంకర తేలిన రోడ్ల మీద టైరు అంటిపెట్టుకోకుండా ఎగురుతుంది. మన కాలనీ రోడ్ల మీద స్టీరింగ్ పట్టుకున్న చేతికే ఆ తేడా తెలుస్తుంది.

జవాబు: బోయిన్‌పల్లి గ్యారేజీ

పైన ఇద్దరూ అంకెల గురించి బాగా చెప్పారు. ఆ అంకెలు చల్లటి టైరుకు వర్తిస్తాయన్న మాట ఇంకా రాలేదు కాబట్టి నేను చేరుస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది పొరపడేది ఇందులోనే.

కారు కనీసం మూడు గంటలు నీడలో నిలిచి ఉన్నప్పుడు, లేదా కిలోమీటరున్నర లోపే నడిచినప్పుడు మాత్రమే టైరు చల్లగా ఉన్నట్టు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి చేరేసరికి గాలి నాలుగైదు పీఎస్‌ఐ పెరిగి ఉంటుంది. అప్పుడు పెట్రోల్ బంకులో మీటరు 39 చూపిస్తే, ఎక్కువైందని గాలి తీయించవద్దు. అలా తీయించిన టైరు మర్నాడు పొద్దున కావలసిన అంకె కంటే నాలుగైదు తక్కువకు పడిపోతుంది. తప్పనిసరై వేడి టైరుకే గాలి కొట్టించవలసి వస్తే, కావలసిన అంకె కంటే నాలుగు ఎక్కువ పెట్టించుకుని, మర్నాడు పొద్దున ఇంట్లో సరిచూసుకోండి. అందుకోసం సొంత గేజ్ ఒకటి ఉండాలి. బంకుల్లో ఉన్న మిషన్లు ఒకదానితో ఒకటి పొంతన కుదరకపోవడం రోజూ చూస్తుంటాం.

వాతావరణం పది డిగ్రీలు మారితే టైరులో సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ మారుతుంది. మే నెలలో 40 దాటిన మధ్యాహ్నం గాలి సరిచేసుకున్న కారు, డిసెంబరులో చలి బాగా ఉన్న తెల్లవారుజామున చూస్తే మూడు నాలుగు తక్కువ చూపిస్తుంది. సహజంగా నెలనెలా తగ్గేది దీనికి అదనం. పక్కగోడ ఎత్తుగా ఉన్న పాత టైరుతో ఈ తేడా ఎలాగో చెల్లిపోయేది, పక్కగోడ 45 శాతమే ఉన్న ఈ టైరుతో చెల్లదు. నైట్రోజన్ పెట్టించినా ఈ నియమమే వర్తిస్తుంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. తేమ లేకపోవడం వల్ల కొంత నిలకడగా ఉంటుందే తప్ప, నైట్రోజన్‌కు వేరే అంకె అంటూ లేదు.

గుంతల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. వానాకాలంలో నా దగ్గరికి వచ్చే సన్న టైర్లలో ఎక్కువగా కనిపించే దెబ్బ ఒకే తరహాలో ఉంటుంది. నీళ్లు నిండిన గుంతలో చక్రం దిగినప్పుడు, గుంత అంచుకూ రిమ్ము పెదవికీ మధ్య పక్కగోడ నలిగి లోపలి దారాలు తెగిపోతాయి. బయటి రబ్బరు చెక్కుచెదరదు కాబట్టి అప్పటికప్పుడు ఏమీ కనిపించదు. నాలుగైదు రోజులకు ఆ చోట నిమ్మకాయంత బుడగ లేస్తుంది. బుడగ వచ్చిన టైరుకు రిపేరు లేదు, మార్చవలసిందే. గాలి రెండు మూడు పీఎస్‌ఐ తక్కువగా ఉన్నప్పుడు ఇది తేలికగా జరుగుతుంది. కాబట్టి నాగోల్ ప్రయాణికుడు గారు చెప్పిన 35, 33 వేసవి రోడ్లకు నాకు సమ్మతమే కానీ, జూన్ నుంచి అక్టోబరు వరకు నగరంలో కూడా 37, 35 ఉంచమనే చెబుతాను. నీళ్ల మీద టైరు తేలిపోవడం కూడా గాలి తక్కువైనప్పుడే త్వరగా మొదలవుతుంది, పైగా మీ టైరు మునుపటి కంటే వెడల్పు.

మళ్లీ: మియాపూర్ వాసి

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఈ రోజు పొద్దున కారు కదపక ముందే కొత్త గేజ్‌తో చూశాను. షాపువారు 30 అని చెప్పారు కానీ మూడు టైర్లలో 28, ఒకదానిలో 27 మాత్రమే ఉంది. వేడిగా ఉన్నప్పుడు కొలిచి 30కి తెచ్చి ఉంటారని ఇప్పుడు అర్థమవుతోంది. దగ్గరలోనే గాలి కొట్టించి ముందు 37, వెనుక 35 చేయించాను. స్పీడ్ బ్రేకర్ల మీద కొంచెం గట్టిగా తగులుతోంది కానీ స్టీరింగ్ తేలికైంది, మలుపుల్లో అటూ ఇటూ ఊగినట్టు ఉండే ఇబ్బంది పోయింది.

ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. నా కారులో గాలి తగ్గితే హెచ్చరించే దీపం ఉంది. 27 ఉన్నప్పుడు కూడా అది వెలగలేదు, చెడిపోయిందా? రెండోది, స్టెప్నీ పాత 15 అంగుళాలదే ఉంది. విజయవాడ దారిలో పంక్చర్ అయితే దాన్ని వేసుకుని నడపవచ్చా?

జవాబు: రాణిగంజ్ పాతకాపు

దీపం చెడిపోయి ఉండకపోవచ్చు. చాలా కార్లలో, ఉండవలసిన గాలిలో ఐదో వంతు నుంచి పావు వంతు వరకు తగ్గితేనే అది వెలుగుతుంది. మీ కారు దృష్టిలో ఉండవలసింది ఇప్పటికీ పాత స్టిక్కర్ అంకే, అంటే ముందు 32. దాని ప్రకారం 26 దిగితే గానీ కొన్ని కార్లలో హెచ్చరిక రాదు. కొత్త టైరుకు కావలసిన 37తో పోలిస్తే అది చాలా ఆలస్యం. కాబట్టి మీరు దీపం మీద ఆధారపడకుండా పదిహేను రోజులకోసారి గేజ్ పెట్టి చూసుకోవడం మేలు.

ఆ వ్యవస్థ రెండు రకాలుగా ఉంటుంది. మొదటి రకంలో ప్రతి చక్రం లోపల వాల్వ్ దగ్గర సెన్సర్ ఉండి గాలిని నేరుగా కొలుస్తుంది. మీది అదే అయితే పాత చక్రాల్లోని సెన్సర్లను కొత్త చక్రాలకు మార్చారో లేదో షాపువారిని అడగండి. మార్చకపోతే సాధారణంగా దీపం మిణుకుమిణుకుమని ఆ తర్వాత వెలుగుతూ ఉండిపోతుంది. రెండో రకం ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) సెన్సర్ల ద్వారా చక్రాలు తిరిగే వేగాలను పోల్చి చూస్తుంది. గాలి తగ్గిన చక్రం వ్యాసం కాస్త తగ్గి మిగతావాటి కంటే వేగంగా తిరుగుతుంది కాబట్టి దాన్ని పట్టుకుంటుంది. మీ టైర్లలో నాలుగింటిలోనూ దాదాపు సమానంగా తక్కువ ఉంది కాబట్టి అది గుర్తించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఈ రకమైతే ఇప్పుడు గాలి సరిగ్గా ఉన్నప్పుడే, చల్లటి టైర్లతో, డ్యాష్‌బోర్డులోని సెట్ బటన్ నొక్కి కొత్త కొలతను నేర్పించండి. ఇకమీదట గాలి మార్చిన ప్రతిసారీ అలాగే చేయాలి.

నగరంలో 35 చాలన్న నాగోల్ ప్రయాణికుడు గారి వాదన న్యాయమైనదే. తూకం వేయించి, అరుగుదల కొలిచి చెబుతున్న మాటను కాదనను. మీరు ఇంకా తూకం వేయించలేదు, పైగా వానలు నడుస్తున్నాయి కాబట్టి ప్రస్తుతానికి 37, 35 ఉంచి, వానాకాలం దాటాక ఒక్కో పీఎస్‌ఐ చొప్పున తగ్గించి చూసుకోండి. స్టిక్కర్ మీది 32, 30 కంటే కిందికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లవద్దు. విజయవాడ ప్రయాణానికి బయలుదేరే రోజు పొద్దున వెనుక టైర్లను 40కి తెచ్చుకోండి. అవుటర్ రింగు రోడ్డు మీద 2023లో వేగ పరిమితిని గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ వేగంతో నిండు కారు వెళ్లేటప్పుడు తక్కువ గాలి ఉన్న టైరు లోపల పుట్టే వేడి చాలా ప్రమాదకరం.

స్టెప్నీ వాడవచ్చు. వ్యాసంలో తేడా ఒక శాతం లోపే కాబట్టి పంక్చర్ వేయించుకునే చోటిదాకా నిదానంగా నడిపితే ఇబ్బంది రాదు. పంక్చర్ ముందు చక్రానికి అయితే, వీలున్నప్పుడు వెనుక చక్రం ఒకటి ముందుకు మార్చి స్టెప్నీని వెనుక వేయడం ఇంకా మంచిది, ఎందుకంటే ఇంజను లాగే ఇరుసు మీద వేర్వేరు కొలతల టైర్లు ఉంటే గేరు పెట్టెలో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఆగకుండా పనిచేస్తూ ఉంటుంది. స్టెప్నీ మామూలు 88 టైరు కాబట్టి దానికి పాత స్టిక్కర్ అంకెలే వర్తిస్తాయి. డిక్కీలో ఉన్నప్పుడే 35 వరకు నింపి ఉంచండి, వేసుకునే చోటును బట్టి తీసుకోవచ్చు.

ఒక చిన్న జాగ్రత్త. అల్లాయ్ చక్రాల నట్లు లేదా బోల్టుల ఆకారం పాత ఇనుప చక్రాల వాటితో కలవకపోవచ్చు. చక్రాలు బిగించిన షాపులో పాతవి మీకు ఇచ్చారో లేదో చూసి, ఇచ్చి ఉంటే ఒక సంచిలో కట్టి జాకీ పక్కనే పెట్టండి. ఇవ్వకపోతే విజయవాడ వెళ్లేలోపే అడిగి తెచ్చుకోండి.